మేడ తలుపు తాళంచెవి

తమ్ముడు పోయేనాటికి ఆయన చేతిలో ఉన్నది పాత ఇనుము కొనే ఒక కొట్టు, దాని మీద ఎండకి కాగే మేడ, వాకిట్లో ఒక కాటా. వీటన్నిటికంటే విలువైనది, సరుకు కాటా మీద పెట్టకముందే బరువు చెప్పే కన్ను. ఆ కన్ను తమ్ముడి దగ్గరే తప్పింది. పక్కన కూర్చుని అట్టలు కడుతున్న మనిషి లోపల ఎంత మోస్తున్నాడో తెలియలేదు. ఒక మధ్యాహ్నం తమ్ముడు మేడ ఎక్కి ప్రాణం తీసుకున్నాడు.

తరవాత కూడా కొట్టు నడిచింది. ఇనుము వచ్చింది, ఇనుము పోయింది. లాభం వచ్చిందంటే ఆయన సరే అన్నాడు. నష్టమన్నా సరే అన్నాడు.

అలాంటి మనిషి కూడా పొడుగోడిలో మార్పు మాత్రం ఇట్టే పసిగట్టాడు.

పొడుగోడు లోడు ఎత్తే కూలీ. లారీతో బయటికి వెళితే కూలి కాక బత్తా కూడా ఇస్తారు, కూలీలు దానికోసం కొట్టుకుంటారు. అలాంటిది వాడు లారీ ఎక్కడం మానేశాడు. రోజంతా కాటా పక్కన డబ్బా మీద కూర్చుని ఊరికే చూస్తుంటాడు. షట్టర్ దించినా ఇంటికి కదలడు. ఒకరోజు మేకుకు వేలాడే మేడ తలుపు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

చాన్నాళ్లుగా ఏదీ పట్టని ఆయనకు ఇప్పుడు భయం వేసింది.

"తాళంచెవి ఇలా తేరా."

"నా దగ్గరే ఉండనీ బాబాయ్."

"మేడ మీద నీకేం పని?"

"నీకేం పని?"

సీసాలు వేరుచేస్తున్న ఆవిడ తలెత్తింది. "ఏంటయ్యా మీ గోల? పైన లంకెబిందెలేమైనా దాచారా?"

ఎవరూ నవ్వలేదు.

నాకు బాగాలేదని నోరు విప్పి చెప్పే రకం కాదు పొడుగోడు. నడుం పట్టేసినా డాక్టరు గడప తొక్కనివాడు, మనసు పట్టేస్తే తొక్కుతాడా? తానే కనిపెట్టుకుని ఉండాలి. రెండోసారి తూకం తప్పకూడదు.

వాడు మధ్యాహ్నం ఏమీ ముట్టడం లేదని తన క్యారేజీ విప్పి వాడి ముందు పెట్టాడు.

"నువ్వు తింటే తింటా," అన్నాడు పొడుగోడు.

"నాకు ఆకలి లేదురా."

"అయితే నాకూ లేదు."

మొండి వెధవ. వాడి కోసం ఆయన నాలుగు ముద్దలు మింగాల్సి వచ్చింది. మట్టి తిన్నట్టుంది.

వాడి మనసు మళ్లించాలని మాటలు పెట్టుకున్నాడు. రాగి ధర చెప్పాడు, ఇనుములో మట్టి కూరి అమ్మేవాళ్ల సంగతి చెప్పాడు. ఒకరోజు, తమ్ముడు చిన్నప్పుడు కాటా మీదెక్కి దిగనని మొండికేసిన సంగతి కూడా చెప్పాడు. అది ఆయన ఎవరికీ చెప్పింది కాదు. పొడుగోడు కదలకుండా విన్నాడు.

ఆయనకు పొద్దున్నే లేవబుద్ధి కాదు. లేచి చేసేదేమిటో తోచదు. కానీ తెల్లారేసరికి వాడు వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. వాణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఆ ఒక్క కారణంతో లేచి చొక్కా తొడుక్కునేవాడు.

కొట్టు మూసేసి, ఇక చాలు అనుకోవాలని ఎప్పటినుంచో ఉంది. వీడు కాస్త కుదుటపడ్డాక చూద్దాంలే అని వాయిదా వేశాడు.

ఆ సాయంత్రం షట్టర్ దించి వాణ్ణి వెంటబెట్టుకుని నడిచాడు. వాడి ఇల్లు అటువైపు. అయినా ఇటే వస్తానన్నాడు. రోడ్డు దాటుతుంటే బస్సు దూసుకొచ్చింది. ఆయన వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడి పట్టు ఇంకా గట్టిగా ఉంది.

ఇంటికి చేరాక పంపు కింద మొహం కడుక్కుంటూ ఆ రోజు లెక్క చూసుకున్నాడు. బేరాలు అంతంతమాత్రం. ఒక ప్రాణం మాత్రం మిగిలింది. చాలు.

పంపు కట్టేసరికి, గుమ్మం దగ్గర ఆయన భార్యతో పొడుగోడు గొంతు తగ్గించి అంటున్న మాట చెవిన పడింది: "నువ్వు చెప్పినట్టే పిన్నీ, ఇవాళ కూడా బాబాయిని ఒక్క క్షణం వదల్లేదు."