పాట అన్నకు, తబలా తమ్మునికి

"మా అన్న నీ చెవుల ఏం ఊదిండు?" అనుకుంట రవీందర్ పటేల్ స్పీకర్ డబ్బను తెచ్చి జగపతి బల్ల మీద దబ్బున పెట్టిండు. "పాటంత ఆయన డబ్బల వస్తున్నది. నా డబ్బల ఉత్త తబలా, ఫిడేలు. పాడేటోని గొంతే లేదు. గార్ల నుంచి రైల్ల మోసుకొచ్చిన. ఏం చేస్తవో చెయ్యి!"

జగపతి నవ్విండు. గా నవ్వే కొంప ముంచింది. మానుకోటల మొట్టమొదటి స్టీరియో తయారుచేసిన మెకానిక్కునని ఆయనకు జరంత ఎక్కువనే ఉండె. 'రెండు చెవులకు రెండు తీర్ల సంగీతం' అని దుకాణం బోర్డు మీద రంగులతోని రాయించుకున్నడు. గా సంగీతం విలువ తెలిసిన మనిషి మాత్రం ఇప్పటిదాంక ఒక్కలు దొరకలే. ఒక్కలంటె ఒక్కలు దొరికితె చాలు, జన్మ ధన్యమైతదని ఆయన ఆశ.

"డబ్బ ఖరాబ్ కాలే పటేలా. స్టీరియో అంటేనే గట్లుంటది. పాట ఒక దిక్కు, వాయిద్యాలు ఒక దిక్కు. రెండు డబ్బల నడుమ కూసోని ఇనాలె."

"నడుమ గోడున్నది. గోడెక్కి కూసోమంటవా?"

నిజమే మరి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నరు. రికార్డులేసే మిషను అన్న వెంకట్రాం దిక్కు, డబ్బలు మాత్రం చెరొకటి. గోడకు బొక్క కొట్టి తీగె అవతలికి తీసింది కూడ జగపతే. ఇది పద్ధతి కాదని అప్పుడే చెప్పాల్సింది. చెప్తె బేరం పోతదని నోరు మూసుకున్నడు. పెద్ద మేధావి!

"ఐతారం రా. మంచిగ కాకపోతె నీది దొంగ స్టీరియో అని గార్ల అంగట్ల నిలవడి చెప్త" అని రవీందర్ డబ్బను నెత్తికెత్తుకొని పోయిండు.

ఐతారం జగపతి గార్ల పోయిండు. ముందుగాల పెద్దాయన ఇంట్లకు పోతె, వెంకట్రాం మొఖం గంటు పెట్టుకొని కూసున్నడు.

"రా రా, నీ కోసమే చూస్తున్న. నా డబ్బల తబలా ఏది?"

"తబలా తమ్ముని దిక్కు వస్తది పటేలా."

"గదే అడుగుతున్న. మామిడితోట వానికే పాయె, బాయి వానికే పాయె, ఆఖరికి తబలా కూడ వానికేనా? ఎవడు పంచమన్నడు నిన్ను?"

గోడ అవతల నుంచి రవీందర్ అందుకున్నడు. "గొంతు మొత్తం నువ్వే గుంజుకొని తబలా గురించి ఏడుస్తున్నవా?"

జగపతి ఇద్దరికీ చేతులు జోడించిండు. "ఒక్కపారి, ఒక్క పాటకు, రెండు డబ్బలు ఒక్క ఇంట్ల పెట్టి ఇద్దరు నడుమ కూసోండ్రి. మీ కాళ్లు మొక్కుత. గప్పుడు గూడ మంచిగ లేదంటె నా చెవులు కోసుకుంట."

"వాని పక్కన కూసోవాల్నా!" అని ఇద్దరు ఒక్కసారే అన్నరు. గీ ఒక్క మాట మీదనే అన్నదమ్ములు కలిసిండ్రు.

ఇగ జగపతికి దారి దొరకలే. మిషను ఎనుక మూత ఇప్పిండు. ఇన్ని దినాలు కండ్లు మసకలైతున్నా చూసుకుంట వేరు వేరుగ కట్టిన రెండు తీగెలను పట్టుకొని, రెంటిని కలిపి మెలివెట్టిండు. రికార్డు ఏసిండు. పాట, తబలా, ఫిడేలు అన్ని ఒకదాని మీద ఒకటి పడి, సంతల బస్సు ఎక్కిన జనం లెక్క ఒత్తుకుంట రెండు డబ్బలల్ల వచ్చినయి.

"ఇగో! గిది స్టీరియో అంటె!" అని వెంకట్రాం తొడ కొట్టిండు.

"గిప్పుడు వచ్చింది అసలు సౌండు!" అని గోడ అవతల రవీందర్ ఎగిరిండు.

"మరి ఏమనుకున్నరు" అని జగపతి చాయ తాగి, సిగ్గు లేకుంట శాలువా గూడ కప్పించుకొని వచ్చిండు.

ఇగ చూడు, గార్ల పేరు చెప్పుకుంట జనం ఎగవడ్డరు. 'పటేండ్ల ఇంట్ల ఉన్నసుంటిది' కావాలన్నరు. జగపతి మంచిగ కట్టుడు, మల్ల తీగెలు మెలివెట్టి చెడగొట్టుడు. బోర్డు కూడ మార్పించిండు: 'రెండు డబ్బలల్ల ఒక్కటే సౌండ్, గ్యారంటీ'. పేరు పెరిగిన కొద్ది ఆయనకు అద్దంల తన మొఖం చూసుకోబుద్ధి కాలే.

ఒకనాడు పగటాల దుకాణం ముంగట రిక్షా ఆగింది. రవీందర్ భార్య మనోరమ దిగింది. అటు ఇటు చూసి, కొంగు సరిచేసుకొని లోపలికొచ్చింది.

"జగపతన్నా, జర ఒక సాయం చెయ్యాలె. మా ఆయనకు తెల్వద్దు. మిషను తుడుస్తనని ఏదో ఒకటి చెప్పి వచ్చి, మా డబ్బ మొదట్ల ఎట్లుండెనో గట్ల చెయ్యి."

జగపతి చేతిల ఉన్న స్క్రూడ్రైవర్ కింద పడ్డది.

"మొదట్ల ఉన్నట్టా? పాట లేకుంట, ఉత్త ఫిడేలు, తబలా వచ్చేటట్టా?"

"ఔనన్నా. గప్పుడెంత హాయిగుండెనో! ఇప్పుడు చెవులు దిబ్బళ్లు పడుతున్నయి."

జగపతి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గల్లాపెట్టె ఎనుక నుంచి లేచొచ్చి, కుర్చీ తుడిచి ఏసిండు. "చెల్లె, నువ్వు మనిషివి కాదు, సరస్వతివి! గింత మందిల నా పని అర్థమైంది నీ ఒక్కదానికే. నాకు గిది చాలు. రేపే వస్త. ఫిడేలు ఒక్కటే ఇంటుంటె ఎట్లనిపించేది, జర చెప్పవా?"

మనోరమ బిత్తరపోయి చూసింది.

"ఫిడేలేందన్నా? గప్పుడు పాట రాకపోతుండె గదా, మా ఆయన తీగె గుంజి పారేసి బాయి కాడికి పోతుండె, ఇల్లు నిమ్మళంగుండె. ఇప్పుడు పొద్దుమాపు డబ్బ ముంగటనే కూసోని దానితోని కలిసి తను గూడ పాడుతుండు. జర పుణ్యముంటది, మల్ల ఖరాబ్ చెయ్యి! నీ అంత మంచిగ ఖరాబ్ చేసెటోడు మానుకోటల ఇంకెవడు లేడట."