అమ్మ పోయిన అధ్యాయం

తల్లి చనిపోయాక ఆరు నెలలు మంచం దిగని శిరివెళ్ల టీచరు సలోమిని లేపి నడిపించింది ఒక పుస్తకం. తన అమ్మ పోయిన దుఃఖాన్ని రోజూ నడిచి గెలిచానని అందులో రచయిత రాశాడు. ఆయన నంద్యాల సభకు వచ్చాడని తెలిసి, కృతజ్ఞత చెప్పుకోవడానికి వెళ్లింది.

వేదిక వెనక గదిలో ఆయన చేయి పట్టుకుంది. "మీ అమ్మ పోయిన అధ్యాయమే నన్ను బతికించింది సార్."

ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు. "మాయమ్మకేమైంది? ఆళ్లగడ్డ బస్టాండు కాడ దోసెలు పోస్తాంది. ఏడిపించకుంటే బుక్కు యాడ అమ్ముడుపోతాదమ్మా?"

సలోమి ఆయన చేయి వదిలేసింది. బయటికొచ్చి, ఆయన్ను తాకిన చేతులను కుళాయి కింద రుద్ది రుద్ది కడుక్కుంది. అయినా ఏవగింపు పోలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కింది.

బస్టాండు దగ్గర దోసె పెనం ముందున్న ముసలామెతో అనేసింది. "నీ కొడుకు పుస్తకంలో నిన్ను చంపినాడమ్మా. అది చదివే నేను మంచం దిగినా. తలుచుకుంటే అసయ్యంగా ఉండాది."

ముసలామె చేతిలో గరిటె ఆగింది. సలోమిని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇప్పుడు బాగుండావా బిడ్డా?"

"బాగుండా."

"అయితే నేను సచ్చింది మేలే. కూచో, దోసె తిందువు."