ఎనభై చెవులు

"మిషన్ మూలుగుతుంటే ఈయనకెలా వినబడుద్ది సార్? మా వేళ్లు ఎగిరిపోయాక చూసుకుంటాడా?" అన్నాడు, క్లాసంతా నిచ్చెన అని పిలిచే పొడుగు విద్యార్థి. వర్క్‌షాపు గొల్లుమంది.

పుట్టుచెవిటివాడైన ఆ లేత్ టర్నర్‌కి ఆ నవ్వు వినబడలేదు. అదే క్లాసులో చదువుతున్న ఆయన కూతురు మాత్రం, తోటివాళ్ల వైపు తలెత్తకుండా, ఆ మాటని పొల్లుపోకుండా చేతి సైగలతో ఆయన ముందు పెట్టింది. వర్క్‌షాపు మాస్టారి ఉద్యోగం ఆయనకి దక్కేదీ లేనిదీ ఈ పూటే తేలాలి. "పిల్లల్లో ఒక్కరు వద్దన్నా తీసుకోను. రేపేదన్నా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది నేను" అని ప్రిన్సిపాల్ ముందే కుండ బద్దలు కొట్టాడు.

టర్నర్ నొచ్చుకోలేదు. తిరుగుతున్న లేత్ మిషన్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండోది. మూడోది. నాలుగోదాని దగ్గర టక్కున స్విచ్ ఆపేసి చేతులు ఆడించాడు.

"ఇందులో బేరింగు పోతోందట" అంది కూతురు.

"పొద్దుట్నుంచీ దానిమీదే చస్తున్నా. కిక్కురుమంటే ఒట్టు" అన్నాడు నిచ్చెన.

టర్నర్ స్పానరు అందుకున్నాడు. అరగంటలో బేరింగు విప్పి తీసి నిచ్చెన అరచేతిలో పెట్టాడు. లోపల ఒక గుండు నిలువునా నెర్రె విచ్చి ఉంది.

ఆయన చేతులు మళ్లీ కదిలాయి. కూతురు నవ్వాపుకుంటూ పైకి చెప్పింది.

"నలభై మంది, ఎనభై చెవులు. అన్నీ కలిసి ఏం విన్నాయర్రా, అని అడుగుతున్నారు నాన్న."

ఈసారి నవ్వు వేరు. అది టర్నర్‌కి మొహాల్లో కనబడింది. నిచ్చెన బుర్ర గోక్కున్నాడు.

"మాస్టారూ అనడం చేతుల్తో ఎలాగ?" అని కూతుర్ని అడిగి తెలుసుకున్నాడు. రెండుసార్లు తప్పుపోయి, మూడోసారి సరిగ్గా పిలిచాడు. టర్నర్ కళ్లు చెమర్చాయి.

నలభై మందికీ చీటీలు పంచారు. పేర్లు రాయక్కర్లేదు, కావాలో వద్దో రాస్తే చాలు. ప్రిన్సిపాల్ ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే కూతురి చేతులు చెబుతూ పోయాయి. కావాలి. కావాలి. కావాలి. ముప్పై తొమ్మిది దాకా అదే మాట.

ఆఖరి చీటీ విప్పి ప్రిన్సిపాల్ ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఎవడ్రా ఆ దరిద్రుడు?" నిచ్చెన బల్ల గుద్దాడు. ఆ అదురు టర్నర్ మోచేతికి తగిలింది.

కూతురి కళ్లనిండా నీళ్లు. "ఎవరో కనుక్కుంటా నాన్నా. ఊరికే వదలను" అన్నాయి ఆమె చేతులు.

పోనీలే అన్నట్టు ఆయన ఆమె భుజం తట్టాడు.

ప్రిన్సిపాల్ ఏమీ అనుకోవద్దన్నట్టు ఆ చీటీని ఆయన ముందుకు జరిపాడు. ఒకటే మాట. 'వద్దు'. కింద రాసిన ద వత్తుకి కూడా తలకట్టు పెట్టి ఉంది.

వత్తుకి తలకట్టు ఎవరూ పెట్టరు. టర్నర్ పెడతాడు. అక్షరాల్ని చెవితో కాక కంటితోనే పట్టుకున్నవాడు. ఆ తప్పు దిద్దేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది. ఆయన నుంచి అది ఇంకొక్కరికే అబ్బింది: ఆయన ఒళ్లో కూర్చుని పలకమీద అక్షరాలు దిద్దుకున్న కూతురికి.