మూగనోము మూడో పరీక్ష

"ఆగండి సార్! ముందు చేతులు కడుక్కోండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని మూగనోముకే ఆశ్చర్యం వేసింది. తోటి నర్సులు ఆ పేరు ఊరికే పెట్టారా మరి! ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూసే ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలి. రాత పరీక్షలో ఆవిడే ఫస్టు. చిక్కంతా వార్డులోనే. పరీక్షాధికారి పెద్ద డాక్టరు వేషంలో వచ్చి కావాలనే తప్పు చేస్తాడు, ఆపాలి. రెండుసార్లూ ఆవిడకి నోరు పెగల్లేదు. ఇదే ఆఖరి అవకాశం. అదీ మొహాలు తెలియని ఆసుపత్రిలో పెట్టారు.

"అరుస్తారు, బెదిరిస్తారు. అంతా నాటకమే. జంకావో, గోవిందా!" అని ట్రైనింగ్ మేడమ్ పొద్దున్నే చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

ఇదిగో, వచ్చాడు. చేతికి వాచీ, వేలికి ఉంగరం, తలుపు మీద చెయ్యి. లోపల కొత్త కిడ్నీ పెట్టించుకున్న చిన్నపిల్ల. జలుబు అంటినా ప్రాణం మీదికొస్తుంది.

"నేనెవరో తెలుసా?" అన్నాడాయన.

"తెలుసు సార్. అందుకే ఆపుతున్నా."

"ఈ ఆసుపత్రికి పెద్దని! నిన్ను బయటికి గెంటిస్తా!"

అబ్బో, పోయినసారి వచ్చినాయన ఈయన ముందు ఎందుకూ పనికిరాడు! నవ్వు తన్నుకొస్తుంటే ఆపుకుంది.

"అలాగే గెంటించండి. ముందు ఆ వాచీ, ఉంగరం తీసి సబ్బుతో కడుక్కు రండి. వేళ్ల సందులు మర్చిపోకండి. అంతదాకా ఈ తలుపు తెరుచుకోదు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. గుడ్లురిమాడు. మూగనోము తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చివరికి ఆయనే సణుక్కుంటూ సింకు దగ్గరికి నడిచాడు. శుభ్రంగా కడుక్కుని, తడి చేతులు తుడుచుకుని చూపించాడు.

"ఇప్పుడైనా వెళ్లనిస్తావా తల్లీ?"

"నిక్షేపంగా వెళ్లండి సార్!"

ఆయన లోపలికి వెళ్లాడో లేదో, మేడమ్ ఫోను పట్టుకుని గబగబా వచ్చింది.

"మేడమ్, గట్టెక్కేశా! ఎంత అరిచినా ఒక్క అడుగు కదల్లేదు. కావాలంటే ఆయన్నే అడగండి, లోపలే ఉన్నారు."

మేడమ్ తలుపు అద్దంలోంచి చూసింది. పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"ఏమైంది మేడమ్? మార్కులేమైనా తగ్గాయా?"

"పరీక్షాధికారి ఇంకా బస్సులోనే ఉన్నాడే."