తొమ్మిదో మడి

చివ్వెంల దాటకముందే హరీష్ బండి ఆపాడు. టైరులో గాలి తగ్గిందట.

వెనక కూర్చున్న నవనీత దిగి చూసింది. టైరు రాయిలా ఉంది.

"మంచిగనే ఉంది గదా! జర జల్ది పోనియ్. కోదాడకెల్లి వచ్చే హైదరాబాద్ బస్సు సూర్యాపేటకు తొమ్మిదిన్నరకే వస్తది."

మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్‌లో పెద్ద సార్ల ముందు ఆమె తన ఐదేళ్ల పరిశోధన చూపించాలి.

పరిశోధనంతా గడ్డి మీదే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతే, ఆ కార్బన్‌ను గడ్డి వేర్ల గుండా మట్టిలో ఎంత దాచగలదు? నత్రజని తోడు లేకపోతే ఎక్కువ దాచలేదని సార్ల నమ్మకం. నవనీత ప్రయోగపు మడుల్లో తొమ్మిదోది అది తప్పంటోంది. దానికి పైపుతో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ఇచ్చింది. నత్రజని కోసం చిటికెడు యూరియా కూడా వేయలేదు. అయినా రెండేళ్లుగా గడ్డి ఏపుగా పెరుగుతోంది, మట్టిలో కార్బనూ పెరుగుతోంది. సార్లు ఒప్పుకుంటే ఢిల్లీలో మూడేళ్ల ఉద్యోగం!

హరీష్ వాళ్ల పొలం ఆ మడుల పక్కనే. ప్రేమ పుట్టింది ఆ గట్టు మీదే. పెళ్లై పదకొండు రోజులు. బండి కుదుపుకి కొత్త మెట్టెలు నొక్కుకుంటున్నా నవనీతకు నవ్వే వస్తోంది.

బండి మళ్లీ ఆగింది. ఈసారి చాయ్ కోసం. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు రెండు వాళ్లను దాటిపోయాయి. నవనీత ఫోన్‌లో టైం చూసుకుంది.

"నీకో మాట జెప్పాలె," అన్నాడు హరీష్, గ్లాసు వంక చూస్తూ.

"బస్సెక్కినంక ఫోన్‌ల జెప్పు."

"ఫోన్‌ల జెప్పేది గాదు."

"నాకు తెల్సులే! నేను ఢిల్లీ పోతనని పరేషాన్ అయితున్నవ్. అమ్మతోడు, నెలకోసారి వస్త."

చాయ్ హోటల్ లచ్చయ్య పకపకా నవ్వాడు. "కొత్త పెండ్లాం గదా బిడ్డా, ఇడిసిపెట్టబుద్ధి అయితలేదు పిల్లగానికి!"

హరీష్ నవ్వలేదు. చాయ్ ముట్టలేదు.

సూర్యాపేట బస్టాండులోకి వాళ్లు వచ్చేసరికి బస్సు ఇంజను మోగుతోంది.

"ఎక్కమ్మా, జల్ది!" కండక్టర్ అరిచాడు.

నవనీత ఒక కాలు మెట్టు మీద పెట్టింది. హరీష్ ఆమె సంచి పట్టీ వదల్లేదు.

"ఇడువ్ హరీష్, అందరు సూస్తున్నరు," అంది సిగ్గుపడుతూ.

"దిగు నవనీతా... తొమ్మిదో మడిల గడ్డి ఎర్రబడ్డదని నువ్వు మొకం చిన్నబుచ్చుకుంటుంటే సూడలేక, రెండేండ్ల సంది దాంట్ల యూరియా సల్లుతున్నది నేనే."