వెనక తలుపు తాళం

"మీరు నేర్పారని ఎవరికీ చెప్పనండి," అంది బేబీ వెళ్ళేముందు.

చెప్పొద్దని ప్రసన్నకుమార్ అడగనే లేదు. అడక్కుండా ఇచ్చిన ఆ మాటే అతనికి గుచ్చుకుంది.

తణుకులో జూనియర్ కాలేజీ లెక్చరరు అతను. లెక్కలు చెప్పడం ఉద్యోగం, తాళాలు తియ్యడం సరదా. తాళంచెవితో కాదు, సన్నటి ఉక్కు పుల్లలతో. లోపలి పిన్నులు ఒక్కొక్కటే పైకి లేస్తుంటే వేలికి తగిలే చిన్న కదలిక కోసం అన్నం మానేసే రకం. పిన్నులు, స్ప్రింగులు ఆన్‌లైన్లో తెప్పిస్తాడు. తాళం విప్పదీసి, పాత పిన్నుల బదులు కొత్తవి వేసి, మళ్ళీ తనే తీస్తాడు. పళ్ళు కోయని తాళంచెవులకి మాత్రం నిడదవోలు వెళ్ళాల్సిందే. స్టేషను దగ్గర అబ్బులు కొట్లో ఉన్నన్ని రకాలు ఇంకెక్కడా లేవని అతని నమ్మకం.

ఇంట్లో గిన్నెలకంటే తాళంకప్పలు ఎక్కువైపోయాయని భార్య సుప్రియ గోల.

"ఎవరికి పడితే వాళ్ళకి నేర్పకండి. రేపెక్కడన్నా దొంగతనం జరిగితే పోలీసులు సరాసరి మనింటికే వస్తారు. ఉద్యోగం ఊడుతుంది, ఊళ్ళో తలెత్తుకోలేం," అనేది.

బేబీ అతని వీడియోలు చూసి వెతుక్కుంటూ వచ్చింది. చిన్న వయసే. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజులు లేవు. వచ్చేది ఆదివారాలు, పేరు చూస్తే బేబీ. చర్చి అయ్యాక ఇటు వస్తోంది కాబోలు అనుకున్నాడు. అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

మొదటిరోజే నియమం చెప్పాడు. "మనది కాని తాళం ముట్టుకోకూడదమ్మా."

"అలాగేనండి. నాది కానిది ముట్టుకోను."

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు రకరకాల తాళాల మీద చెయ్యి వేస్తారు. బేబీకి ఒక్కటే కావాలి. పెద్ద ఇత్తడి తాళం. అలాంటిదే ఒకటి కొని సంచిలో తెచ్చుకుంది. తీసేది, వేసేది, మళ్ళీ తీసేది. వేళ్ళు కందిపోయినా ఆగేది కాదు. ముఖంలో సరదా అన్నది మచ్చుకైనా లేదు. సరదా లేకుండా తాళాలు తీసేవాళ్ళని ఏమంటారో లెక్చరరుగారికి తెలియదా? తెలుసు. శిష్యురాలు అంత చక్కగా నేర్చుకుంటుంటే మురిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

చివరి ఆదివారం ఆమె అడిగింది. "గీత పడకుండా తీసి, మళ్ళీ వేసేస్తే, తాళం వేసినవాళ్ళకి తెలుస్తుందాండి?"

"తెలీదు," అన్నాడు పుసుక్కున. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఆమె మాట ఇచ్చింది అప్పుడే. మళ్ళీ రాలేదు.

ఆ వేసవిలోనే తాళంచెవుల కోసం నిడదవోలు వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. అబ్బులు కొట్లో ఈగ కూడా లేదు.

"ఎదర సందు చివర డాబా ఉంది కదండీ, దానికి ఇంకో తాళం బిగించమని ఆ ఇంటివాళ్ళు పిలిచారండి. నావల్ల కాదన్నాను," అన్నాడు అబ్బులు.

"ఏం?"

"ఆ ఇంట్లో మనిషి మంచి నక్షత్రంలో పోలేదండి. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టమన్నారంట పంతులుగారు. తాళం వేసేసి అందరూ పోయారు. పోయినాయన లోపలే తిరుగుతున్నాడండి బాబూ! పట్టపగలు కుర్చీ జరిపిన చప్పుడంట, గ్లాసు చప్పుడంట. ఆ వైపు ఎవరూ నడవట్లేదు."

"తాళం ఎలాంటిది?"

"పాతదేనండి. పెద్ద ఇత్తడిది."

ప్రసన్నకుమార్‌కి చెమటలు పట్టాయి. దెయ్యానికి భయపడి కాదు. జనం తొంగిచూడ్డానికి కూడా జడిసే ఇల్లు దొరికితే దొంగకి ఇంకేం కావాలి? రేపు పట్టుబడితే ఎవరు నేర్పారని అడగరా? తాళంచెవులు అక్కడే వదిలేసి సందులోకి నడిచాడు.

సందంతా తలుపులు మూసుకుని ఉంది. డాబా ముందు తలుపుకి తాళం వేసినట్టే ఉంది. వెనక్కి వెళ్ళాడు.

వెనక తలుపు గొళ్ళేనికి ఇత్తడి తాళం తెరుచుకుని వేలాడుతోంది. వంగి చూశాడు. ఒక్క గీత లేదు. అతను నేర్పింది నేర్పినట్టే ఉంది.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆడగొంతు. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు. జవాబు వినపడలేదు.

పారిపోదామనుకున్నాడు. కాళ్ళు మాత్రం లోపలికి నడిచాయి.

కిటికీలు మూసిన గది. దుమ్ము వాసన. మూలన బీరువా. దాని ముందు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒకదాంట్లో బేబీ. రెండోది ఖాళీ. మధ్యన స్టూలు మీద ఫ్లాస్కు, రెండు గ్లాసుల్లో టీ. ఒకటి సగం తాగి ఉంది. రెండోది ముట్టుకోలేదు, ఇంకా పొగ వస్తోంది.

అంటే రెండోవాడు ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. ప్రసన్నకుమార్ తలుపు వెనక్కి తొంగిచూశాడు. వీపు గోడకి ఆనించి నిలబడ్డాడు.

"ఎవడమ్మా వాడు? ఎక్కడ దాక్కున్నాడు? ఏమేం పట్టుకెళ్ళారు ఇక్కణ్ణించి? నా ఉద్యోగం పోతుంది, నా పెళ్ళాం బిడ్డలు రోడ్డున పడతారు!" భయం, కోపం కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బేబీ లేవలేదు. ఉలిక్కిపడలేదు.

"ఆయన ఇక్కడే తిరుగుతారని అందరూ అంటుంటే ఆశపడి రోజూ వస్తున్నానండి," అంది ఎదుటి కుర్చీ వైపు చూస్తూ, "మా ఆయన ఒక్కసారైనా రాలేదు."