సిపాయి మొహం ఎటు?

“వీపు చూపిస్తే ఊరుకునేది లేదు! మొహం మా వైపే ఉండాలి!”

సవెత బల్ల గుద్దింది. కాఫీ కప్పులు ఎగిరిపడ్డాయి.

సవెత పై లిపోవా ఊరి అధ్యక్షురాలు. ఎదురుగా కూర్చున్న రాడివోయ్ కింది లిపోవా అధ్యక్షుడు. రెండూళ్ళకీ మధ్య వంతెన. నూరేళ్ళ కిందట ఆ వంతెన దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. ‘శత్రువుని అడ్డుకున్నది మేము, వాడు గుడారాలు వేసింది మీ ఊళ్ళో’ అని రెండూళ్ళూ అప్పటినుంచీ ఒకర్నొకరు దెప్పుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడు వంతెన మధ్యలో కంచు సిపాయిని నిలబెడుతున్నారు. రేపే ఆవిష్కరణ. ఎటు తిప్పి నిలబెట్టాలన్నదే తేలలేదు. వచ్చే నెలలో ఎన్నికలు. సిపాయి వీపు తెచ్చిపెట్టిన మనిషికి ఓటెవరేస్తారని సవెత భయం.

“పోనీ పక్కకి తిప్పుదామా చెల్లెమ్మా?” అన్నాడు రాడివోయ్.

“పక్కకి చూడ్డానికి వాడేమైనా సంబంధం చూడ్డానికొచ్చాడా? నా ఆఫీసు గుమ్మంలో నిలబడితే వాడి కళ్ళు నాకు కనపడాలి. అయినా ఆ బూట్లకి తెల్లపొడేంటి, పిండిమరలో పడ్డావా?”

“ఆఁ, సున్నంలే. దార్లో శిల్పి షెడ్డు మీదుగా వచ్చా.”

“బొమ్మ చూపించాడా? నాకైతే టార్పాలిన్ కూడా ఎత్తనివ్వలేదు!”

“మహా మొండివాడు” అన్నాడు రాడివోయ్, బూట్లు కుర్చీ కిందికి లాక్కుంటూ.

ఇక లాభం లేదని సవెత బ్రహ్మాస్త్రం తీసింది. రాడివోయ్ పరాయివాడేం కాదు, ఆమె కొడుక్కి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ఆ చుట్టరికం ఉన్నవాళ్ళు దానికి సాక్షి అయిన సెయింట్ జాన్ పేరు పెట్టి అడిగితే ఎంతటివాడైనా కాదనకూడదు.

“దేవుడి పేరు మీద, సెయింట్ జాన్ పేరు మీద అడుగుతున్నా అన్నయ్యా! మొహం మాకిచ్చెయ్!”

రాడివోయ్ పెద్ద నిట్టూర్పు విడిచాడు. “అంతమాట అన్నాక ఇంకేముంది, తీసుకో. కానీ ఒక్కసారి నిలబెట్టాక మళ్ళీ తిప్పమనకూడదు. నువ్వూ ఒట్టెయ్యి.”

“ఒకటేంటి, వందేస్తా!” ఇద్దరికీ ప్లమ్ పళ్ళ సారా పోసి, గ్లాసు తాకించి మరీ ఒట్టేసింది సవెత. అతను వెళ్ళగానే కుర్చీ చుట్టూ గిరగిరా తిరిగింది.

మర్నాడు పొద్దున ఊరు ఊరంతా ఆమె ఆఫీసు ముందు చేరింది. బాకాలు మోగుతున్నాయి. గొర్రెపిల్లలు నిప్పుల మీద కాలుతున్నాయి. “మా సవెతమ్మా మజాకా!” అని ముసలివాళ్ళు కూడా టోపీలు గాల్లోకి విసిరారు. సవెతకి కాళ్ళు నేల మీద లేవు. గుమ్మంలో నిలబడి చెయ్యెత్తి సైగ చేసింది. వంతెన మీద శిల్పి తాడు లాగాడు, టార్పాలిన్ జారిపడింది.

బాకాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వంతెన అవతల కింది లిపోవా మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

సిపాయి తుపాకీ సరిగ్గా సవెత గుమ్మానికే గురిపెట్టి ఉంది.